జంటగా పలికే అణువులు

విద్యుత్ మోటార్లు పల్లెలకు రాకముందు, మెదక్ సీమలోని హవేలిఘనపూర్ వంటి ఊళ్లలోనేమి, తక్కిన తెలుగునాటనేమి, పల్లపు కాలువ నుండి మెరక మడికి నీరు పెట్టవలసి వచ్చినప్పుడు రైతులు గూడ వేసేవారు. గూడ అంటే నాలుగు తాళ్లు కట్టిన బుట్ట. కాలువకు అటొకరు ఇటొకరు ఎదురెదురుగా నిలిచి, చెరి రెండు తాళ్లు పట్టుకొని, ఒకే ఊపున గూడను నీటిలో ముంచి, ఒకే ఊపున పైకి లాగి మడిలోకి కుమ్మరించేవారు. ఈ పనిలో గమనింపదగిన విశేషము ఒకటి ఉన్నది. ఇద్దరిలో ఒకరు లేచిపోతే సగము నీరైనా పారుతుందా అంటే, పారదు. అసలు చుక్క కూడా పైకి రాదు. ఇద్దరూ కూడినప్పుడు జరిగే పని ఒక్కొక్కరిలో సగము సగముగా దాగి ఉన్నది కాదు. అది ఆ కలయికలోనే పుట్టినది.

మన శరీరములోని జీవకణములలో కబుర్లు మోసే ప్రోటీనులలో అనేకము ఇట్టివే. ఒంటరిగా ఉన్నప్పుడు అవి మౌనముగా ఉండును. తనవంటి అణువు మరొకటి వచ్చి ప్రక్కన చేరినప్పుడే వాటికి మాట వచ్చును. పని ముగిసిన తరువాత అవి విడిపోవలెను. కలియవలసినప్పుడు కలియకపోయినా, విడిపోవలసినప్పుడు విడిపోకపోయినా రోగము తప్పదు. ఎముకల మూలుగలో పుట్టే ఒక రక్తపు కాన్సరుకు ఇదే మూలకారణము.

ఇంత చిన్న సూత్రమును స్పష్టముగా గ్రహించుటకు శాస్త్రజ్ఞులకు అనేక దశాబ్దములు పట్టినది. ఆ కథ మొదట ఒక తెలుగువాని పేరు వినిపించును. నడుమను, చివరను హైదరాబాదు నగరము కనిపించును.

కబురుకు అక్షరము ఫాస్ఫేటు

జీవకణము చుట్టూ పలుచని కొవ్వు పొర ఒకటి ఉండును. రక్తములో తిరిగే ఇన్సులిన్ వంటి హార్మోనులు ఆ పొరను దాటి లోపలికి చొరబడలేవు. అవి వాకిటిలోనే ఆగి, పొరలో నాటుకొని ఉన్న కొన్ని ప్రోటీనులను తాకును. ఈ ప్రోటీనులకు గ్రాహకములని పేరు. గ్రాహకపు పై భాగము కణము వెలుపల, క్రింది భాగము కణము లోపల ఉండును. వెలుపల హార్మోను తాకిన సంగతి లోపలి భాగము పసికట్టి, ఆ కబురును కణములోని ఇతర ప్రోటీనులకు అందజేయును.

ఈ కబురును వ్రాసే అక్షరములలో ముఖ్యమైనది ఫాస్ఫేటు. ఒక ప్రోటీనుపై ఫాస్ఫేటు అంటించితే దాని ఆకారము, నడవడి మారును. ఆ ఫాస్ఫేటును తీసివేస్తే తిరిగి మొదటి స్థితికి వచ్చును. 1950వ దశకములో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ అనే శాస్త్రజ్ఞులు కండరములలోని ఒక ఎంజైముపై దీనిని నిరూపించారు. అందుకు వారికి 1992లో నోబెల్ బహుమానము లభించినది. ఫాస్ఫేటును అంటించే ఎంజైములకు కైనేజులని పేరు.

మరి కైనేజుకు ఆ ఫాస్ఫేటు ఎక్కడి నుండి వచ్చును? ఏటీపీ అనే అణువు నుండి. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయములో సైరస్ ఫిస్కే వద్ద పరిశోధన సాగించారు. శరీర ద్రవములలో ఫాస్ఫరస్ ఎంత ఉన్నదో కొలుచుటకు వారిద్దరూ 1925లో ప్రకటించిన పద్ధతి ప్రయోగశాలలన్నింటా వ్యాపించినది. ఆ కొలత చేతిలో ఉండుట వలననే వారు కండరములలో ఫాస్ఫేటు నిలువలను వెదకి, 1929లో ఏటీపీని వేరుచేయగలిగారు. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోహ్‌మన్ కూడా స్వతంత్రముగా దానిని కనుగొన్నారు. ఏటీపీ కణమునకు శక్తినిచ్చే నాణెమని పాఠ్యపుస్తకములు చెప్పును. అది శక్తికి నాణెము మాత్రమే కాదు. కబుర్లు వ్రాసే సిరా కూడా అదే.

ఒంటరి పోగు చిక్కు

1962లో అమెరికాలో స్టాన్లీ కోహెన్ చుంచెలుకల లాలాజల గ్రంథుల నుండి ఒక చిన్న ప్రోటీనును వేరుచేశారు. దానిని పసి చుంచెలుకలకు ఎక్కించితే వాటి కనురెప్పలు రావలసిన దినము కంటె ముందే విచ్చుకొనేవి, దంతములు ముందే మొలిచేవి. చర్మకణములు త్వరత్వరగా పెరిగి విభజన పొందుటయే ఇందుకు కారణము. ఆ ప్రోటీనుకు ఈజీఎఫ్ అనే పేరు స్థిరపడినది. కోహెన్‌కు, నరముల పెరుగుదలకు తోడ్పడే ప్రోటీనును కనుగొన్న రీటా లెవి-మొంటాల్చినికి కలిపి 1986లో నోబెల్ బహుమానమిచ్చారు.

ఈజీఎఫ్ తాకే గ్రాహకము తానే ఒక కైనేజు అని 1980 నాటికి తేలినది. 1984లో ఆ గ్రాహకపు నిర్మాణక్రమము పూర్తిగా తెలిసిన తరువాత ఒక చిక్కు ఎదురైనది. గ్రాహకపు పెద్ద భాగము వెలుపల, కైనేజు భాగము లోపల ఉన్నవి. రెండింటిని కలుపుతూ పొరను దాటిపోయేది ఒకే ఒక సన్నని పోగు. కణపు పొర గోడవలె గట్టిది కాదు, నూనెవలె కదిలేది. నూనెలో తేలే సన్నని పుల్లను పై కొసన తాకినంత మాత్రాన క్రింది కొసన ఉన్న యంత్రము ఎట్లు కదలును?

ఒక్క పుల్లతో అది సాధ్యము కాదు. కాని రెండు పుల్లలను పైనుండి దగ్గరకు చేర్చితే వాటి క్రింది కొసలు కూడా దగ్గరకు చేరును. పైన ఏ మార్పు జరిగినదో లోపలి వారికి అర్థమగుటకు ఆ సామీప్యమే చాలును.

1987లో యోసెఫ్ యార్డెన్, జోసెఫ్ ష్లెసింజర్ అనే శాస్త్రజ్ఞులు పొర నుండి విడదీసి శుద్ధిచేసిన గ్రాహకములపై దీనిని పరీక్షించారు. ఈజీఎఫ్ లేనప్పుడు గ్రాహకములు ఒంటరిగా ఉన్నవి. ఈజీఎఫ్ కలిపిన తరువాత అవి రెండేసిగా కూడినవి. కూడిన రూపములోనే కైనేజు చురుకుగా పనిచేసినది. జంటలో ఒకటి రెండవదాని తోకపై ఫాస్ఫేటు అంటించును. ఆ ఫాస్ఫేటు గుర్తులను చూచి కణములోని ఇతర ప్రోటీనులు వచ్చి అక్కడ చేరును. అట్లు కబురు ముందుకు సాగును.

రెండు చేతుల ప్రతిదేహములు

ఈ ఊహకు బీజము అంతకు ముందే పడినది. కొందరు రోగుల రక్తములో వారి ఇన్సులిన్ గ్రాహకములనే పట్టుకొనే ప్రతిదేహములు పుట్టును. ప్రతిదేహమునకు రెండు చేతులుండును. ఒక్కొక్క చేతితో ఒక్కొక్క గ్రాహకమును పట్టగలదు. ఆ ప్రతిదేహములను కొవ్వుకణములపై వేస్తే అవి ఇన్సులిన్ వలెనే పనిచేయుట కనబడినది. ఇన్సులిన్ లేకయే ఇన్సులిన్ చేసే పని!

1978లో రోనాల్డ్ కాన్, ఆయన సహచరులు ఆ ప్రతిదేహమును ముక్కలుచేసి ఒంటిచేతి ముక్కలను తీసుకొన్నారు. ఈ ముక్కలు గ్రాహకమును పట్టుకొన్నవి. కాని పని మాత్రము జరగలేదు. తరువాత ఆ ముక్కలను రెండేసిగా ముడివేయగల మరొక ప్రతిదేహమును చేర్చారు. వెంటనే ఇన్సులిన్ పని తిరిగి మొదలైనది. గ్రాహకమును తాకుట మాత్రమే చాలదనియు, గ్రాహకములను దగ్గరకు చేర్చుట అవసరమనియు ఈ ప్రయోగము చాటినది. 1979లో ష్లెసింజర్ బృందము ఇట్టి ఫలితమునే ఈజీఎఫ్ విషయములోను చూపినది. ముక్కలుచేసిన ఈజీఎఫ్ గ్రాహకమును పట్టుకొన్నను కణవిభజనకు పురికొల్పలేకపోయినది. రెండు చేతుల ప్రతిదేహము తోడైనప్పుడు ఆ శక్తి మరల వచ్చినది.

ఇక్కడ ఒక మెలిక కూడా ఉన్నది. ఇన్సులిన్ గ్రాహకము పుట్టుకతోనే జంట అని తరువాత స్పష్టమైనది. దాని రెండు భాగములు గంధకపు బంధములతో ముందే కలిసి ఉండును. అయితే ఇన్సులిన్ రాకముందు అది మౌనముగా ఎందుకున్నది? జంట కట్టుట ఒక్కటే కాక, జంటలోని ఇద్దరూ ఏ భంగిమలో నిలిచియున్నారన్నది కూడా ముఖ్యము. గూడ తాళ్లు ఇద్దరి చేతులలో ఉన్నా, ఒకరికొకరు వీపు చూపి నిలుచుంటే నీరు పారదు గదా!

ఈజీఎఫ్ గ్రాహకములో ఆ భంగిమ ఎట్టిదో 2002లోను, 2006లోను తెలిసినది. రెండు గ్రాహకముల నడుమ ఈజీఎఫ్ వంతెనవలె నిలుచునని పలువురు ఊహించియుండిరి. 2002లో జపాను, ఆస్ట్రేలియా బృందములు ఎక్సు కిరణములతో తీసిన చిత్రములలో అట్లు కనబడలేదు. ఈజీఎఫ్ వెలుపలి అంచులను పట్టుకొనును; అందువలన గ్రాహకము ముడుపు విప్పుకొని ఒక చేతిని చాచును; ఆ చేతులే ఒకదానినొకటి పట్టుకొనును. 2006లో జాన్ కురియన్ బృందము లోపలి సంగతిని చూపినది. జంటలోని రెండు కైనేజులు ఒకే పని చేయుట లేదు. ఒకటి రెండవదానిని ప్రక్క నుండి నెట్టి మేల్కొలుపును. మేల్కొన్నది ఫాస్ఫేటు అంటించును. రూపములో కవలలైనను, పనిలో ఒకటి లేపేది, మరొకటి లేచేది.

ఎక్కువైతే తక్కువయ్యే విచిత్రము

జంట సూత్రము నిజమైతే దాని నుండి ఒక వింత ఫలితము రావలెను. విద్యార్థులు దీనిని కాగితముపై బొమ్మ గీసి తామే రాబట్టవచ్చును.

పెరుగుదల హార్మోను అణువు ఒక్కటే, దాని రెండు ప్రక్కలతోను రెండు గ్రాహకములను పట్టుకొనునని 1992లో అబ్రహాం డి వోస్ మొదలైనవారు చూపారు. మొదట బలమైన ప్రక్కతో ఒక గ్రాహకము, తరువాత రెండవ ప్రక్కతో మరొక గ్రాహకము అతుకుకొనును. ఇప్పుడు పది గ్రాహకములున్న కణముపై అయిదు హార్మోను అణువులు వేయండి. అయిదు జంటలు ఏర్పడవచ్చును. అదే కణముపై వేలకొలది అణువులు కుమ్మరించండి. ప్రతి గ్రాహకమునకు తన సొంత హార్మోను దొరికిపోవును. ఏ హార్మోనుకు కూడ రెండవ ప్రక్కన పట్టుకొనుటకు ఖాళీ గ్రాహకము మిగలదు. అందువలన జంటలు ఏర్పడవు, కబురు తగ్గును. ప్రయోగములోను సరిగా అట్లే జరిగినది. హార్మోను పెరిగినకొలది పని మొదట పెరిగి, ఒక హద్దు దాటిన తరువాత తరిగిపోయినది. ఒంటరి అణువులే పనిచేసేటట్లయితే ఈ తరుగుదల కనబడదు.

ఈ జ్ఞానము మందుగా మారుటకు ఎక్కువ కాలము పట్టలేదు. పెరుగుదల హార్మోను మితిమీరి స్రవించిన పెద్దలలో చేతులు, పాదములు, దవడ పెరిగిపోయే ఎక్రోమెగలీ అనే వ్యాధి కలదు. హార్మోను రెండవ ప్రక్కను చెడగొట్టి తయారుచేసిన పెగ్విసోమెంట్ అనే మందు ఒక ప్రక్కతో గ్రాహకమును పట్టుకొనును గాని పనిచేయు జట్టును కూర్చలేదు. 2003లో అమెరికాలో దీనికి అనుమతి లభించినది. పెరుగుదల హార్మోను గ్రాహకములు హార్మోను రాకముందే జంటలుగా ఉండగలవని 2005లో మరికొందరు చూపారు. అంటే ఇక్కడను కలయికతోపాటు భంగిమ మార్పు ముఖ్యమన్న మాట. రొమ్ము కాన్సరులో ఒక గ్రాహకము తన తోటివానితో జతకూడకుండ అడ్డుపడే పెర్టుజుమాబ్ అనే మందుకు 2012లో అనుమతి వచ్చినది. జంటను విడగొట్టుట చికిత్సలో ఒక మార్గమైనది.

విడిపోని జట్టు

ఇంతవరకు చూచినవి పిలుపు వచ్చినప్పుడు కలిసే జంటలు. పిలుపు లేకయే కలిసి, ఎన్నటికీ విడిపోని జట్టు ఏర్పడితే ఏమగును? మడి నిండి, గట్టు తెగి, పైరు మునుగుతున్నా ఆగని గూడ వంటిదది.

దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకీమియా అనే రక్తపు కాన్సరులో తెల్లకణములు అదుపు లేక పెరుగును. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరములో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ ఈ రోగుల కణములలో పొట్టిదైన క్రోమోసోము ఒకటి ఉన్నదని గమనించారు. 1973లో జానెట్ రౌలీ దాని రహస్యము విప్పారు. 9వ క్రోమోసోము, 22వ క్రోమోసోము తెగి, ముక్కలను ఒకదానితో ఒకటి మార్చుకొన్నవి. ఆ అతుకుడు చోట ఏ జన్యువులున్నవి అన్నది తరువాతి ప్రశ్న.

సమాధానపు ఒక కొస చుంచెలుకలలో దొరికినది. వాటికి ల్యుకీమియా కలిగించే ఒక వైరసును 1970లో హెర్బర్ట్ ఏబుల్‌సన్ వర్ణించారు. ఆ వైరసు ఎలుక కణము నుండి ఎత్తుకొనిపోయిన జన్యువుకు ఏబుల్ అని పేరు వచ్చినది. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయములో డాక్టరేటు పొంది అమెరికా వెళ్లిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి అక్కడి జాతీయ కాన్సరు సంస్థలో పనిచేస్తూ, తన సహచరులతో కలిసి 1983లో ఆ వైరసు జన్యుక్రమము మొత్తము చదివి ప్రకటించారు. అంతకు ముందటి సంవత్సరమే, మూత్రాశయపు కాన్సరు కణములలోని రాస్ జన్యువులో ఒకే ఒక అక్షరము మారుట చేతనే అది కాన్సరు జన్యువుగా మారినదని నిరూపించిన వారిలో ఆయన ఒకరు. ఏబుల్ క్రమమును తెలిసిన ఇతర కాన్సరు జన్యువుల క్రమములతో పోల్చి చూడగా, టైరోసిన్ అనే అంశముపై ఫాస్ఫేటు అంటించే కైనేజుల కుటుంబమునకు అది చెందినదని తేటతెల్లమైనది. సుబ్బారావు వేరుచేసిన ఏటీపీ నుండి ఫాస్ఫేటు తీసి వాడుకొనే యంత్రములలో ఇదొకటి.

మనుష్యులలో ఏబుల్ జన్యువు 9వ క్రోమోసోముపై ఉన్నదనియు, ఈ రోగులలో అది 22వ క్రోమోసోముకు తరలిపోయినదనియు 1982లో తేలినది. అక్కడ అది బీసీఆర్ అనే మరొక జన్యువుతో అతుకుకొనును. రెండు జన్యువులు కలిసి బీసీఆర్-ఏబుల్ అనే ఒకే ప్రోటీనును తయారుచేయును.

సహజమైన ఏబుల్ ప్రోటీను తన మొదటి కొసతో తన్ను తానే ముడుచుకొని అదుపులో ఉండును. అతుకుడు జరిగినప్పుడు ఆ కొస తెగిపోవును. అంటే గడియ ఊడిపోయినది. దాని స్థానములో వచ్చిన బీసీఆర్ కొస అంతకంటె పెద్ద అనర్థము తెచ్చినది. ఆ కొసలో సుమారు 60 అంశములు గల ఒక భాగము తనవంటి మరొక భాగముతో పేనిన తాడువలె మెలివేసుకొనును. 1993లో జాన్ మెక్‌విర్టర్, జీన్ వాంగ్ మొదలైనవారు ఈ మెలిక వలన బీసీఆర్-ఏబుల్ అణువులు నాలుగేసిగా జట్టుకట్టునని కనుగొన్నారు. ఆ మెలిక భాగమును చెడగొట్టినప్పుడు కణములను కాన్సరు కణములుగా మార్చే శక్తి పోయినది. 2002లో ఆ నాలుగింటి కూర్పు ఎక్సు కిరణ చిత్రములో కనబడినది.

ఇక్కడ హార్మోను లేదు, గ్రాహకము లేదు, వెలుపలి నుండి పిలుపు లేదు. తాళ్లే మనుష్యులను పట్టి కట్టివేసినవి. నాలుగు కైనేజులు సదా ప్రక్కప్రక్కన ఉండి, ఒకదానిపై మరొకటి ఫాస్ఫేటు అంటించుకొంటూ, పెరుగుమనే కబురును రాత్రింబవళ్లు పంపును.

ఏటీపీ పీటపై కూర్చున్న మందు

ల్యుకీమియాపై పోరాటములో సుబ్బారావు పేరు ముందే చేరినది. లెడర్లే సంస్థలో ఆయన పర్యవేక్షణలో తయారైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ పిల్లలకిచ్చి, 1948లో వారి ల్యుకీమియా తాత్కాలికముగా తగ్గినట్లు ప్రకటించారు. సుబ్బారావు ఆ సంవత్సరమే కన్నుమూశారు. కాని ఆ మందు పెరిగే కణములన్నింటిని దెబ్బతీసేది; రోగకారణమైన ప్రోటీనును ఒక్కదానినే ఎన్నుకొనగలది కాదు.

బీసీఆర్-ఏబుల్ విషయములో శత్రువు ముఖము స్పష్టముగా కనబడినది. నికొలస్ లిడన్, బ్రయన్ డ్రూకర్ మొదలైనవారి కృషి వలన ఇమాటినిబ్ అనే మందు తయారై 2001లో అమెరికాలో అనుమతి పొందినది. ఏబుల్ కైనేజులో ఏటీపీ కూర్చునే గుంట ఒకటి ఉన్నది. ఇమాటినిబ్ ఆ పీటను ఆక్రమించును. జట్టు విడిపోదు, కాని ఫాస్ఫేటు అందక మూగబోవును. ఈ మందుతో చికిత్స మొదలుపెట్టిన రోగులను పరిశీలించగా, అయిదేండ్ల తరువాత 100 మందిలో 89 మంది జీవించియున్నట్లు 2006లో ప్రకటించారు. అంతకు ముందు ఇట్టి ఫలితము ఈ వ్యాధిలో కలలోని మాట.

అయితే మందు ఉండుట వేరు, అది రోగికి అందుట వేరు. నోవార్టిస్ సంస్థ అమ్మే ఈ మందుకు నెలకు సుమారు 1,20,000 రూపాయలగుననియు, భారతీయ సంస్థల మందుకు 8,000 నుండి 10,000 రూపాయలు మాత్రమే అగుననియు ఆనాటి వార్తలు తెలిపినవి. హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థ 2003లో వీనట్ అనే పేరుతో ఇమాటినిబ్‌ను విడుదల చేసినది. పేటెంటు కొరకు నోవార్టిస్ పెట్టుకొన్న దరఖాస్తుపై అభ్యంతరము తెలిపినవారిలో నాట్కో, హైదరాబాదుకే చెందిన హెటెరో, కాన్సరు రోగుల సంఘము ఒకటి ఉన్నవి. చెన్నైలోని పేటెంటు కార్యాలయము 2006లో దరఖాస్తును త్రోసివేసినది. వివాదము సుప్రీంకోర్టు వరకు నడచినది. తెలిసిన పదార్థపు కొత్త రూపమునకు చికిత్సాగుణములో అదనపు ప్రయోజనము చూపనిదే పేటెంటు ఇవ్వరాదన్న చట్టనియమమును ఆధారముగా చేసికొని, 2013 ఏప్రిల్ 1న కోర్టు నోవార్టిస్ విజ్ఞప్తిని నిరాకరించినది. ఈ మందు ఏండ్ల తరబడి ప్రతిదినము మ్రింగవలసినది. కనుక ధర సంగతి రోగికి ప్రాణపు సంగతియే.

కొందరిలో కాలక్రమమున ఏటీపీ పీట ఆకారము మారి ఇమాటినిబ్ అందులో ఇమడదు. అందుకు విరుగుడుగా వచ్చిన మందులలో అసిమినిబ్ ఒకటి. 2021లో అనుమతి పొందిన ఈ మందు ఏటీపీ పీట జోలికి పోదు. సహజమైన ఏబుల్‌లో మొదటి కొస ముడుచుకొని చేరే చోటనే అది కూర్చుండి, ఊడిపోయిన గడియను తిరిగి వేసినట్లు కైనేజును ముడిచివేయును.

హైదరాబాదులో మెరిసిన గ్రాహకములు

జట్టు సూత్రము అన్ని గ్రాహకములకు వర్తించునా? ఈ ప్రశ్నపై హైదరాబాదులోనే విలువైన పరిశోధన జరిగినది. పుష్పమిత్ర భార్గవ స్థాపక సంచాలకులుగా 1977లో వెలసిన సి.సి.ఎం.బి. సంస్థలో అమితాభ ఛటోపాధ్యాయ బృందము సెరొటోనిన్ 1ఎ గ్రాహకమును దీర్ఘకాలము అధ్యయనము చేసినది. సెరొటోనిన్ మెదడులో నరముల నడుమ కబుర్లు మోసే పదార్థము. ఆందోళన, మనోవ్యాకులత వంటి రుగ్మతల చికిత్సలో ఈ గ్రాహకమునకు ప్రాముఖ్యమున్నది. ఇది కైనేజు కాదు. పొరను ఏడుమార్లు దాటే మరొక పెద్ద కుటుంబమునకు చెందినది.

బ్రతికియున్న కణములో అణువులు ఒంటరిగా ఉన్నవో, గుంపుగా ఉన్నవో సామాన్యమైన సూక్ష్మదర్శినితో తెలియదు. సౌరవ్ గంగూలీ, ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ క్లేటన్, ఛటోపాధ్యాయ దీనికి వెలుగు సహాయము తీసుకొన్నారు. గ్రాహకమునకు పసుపుపచ్చగా మెరిసే ప్రోటీనును జతచేసి, ఒకే దిశలో కంపించే వెలుగును దానిపై ప్రసరింపజేశారు. మెరిసే అణువు ఒంటరిదైతే తిరిగి వెలువడే వెలుగు చాలవరకు ఆ దిశనే నిలుపుకొనును. ప్రక్కనే మరొక అణువు ఉంటే శక్తి దానిపైకి గెంతును, దిశ చెదిరిపోవును. ఇప్పుడు బలమైన వెలుగుతో మెరిసే అణువులను క్రమముగా ఒక్కొక్కటే మాడ్చివేస్తే, గుంపులలో పొరుగువారు తగ్గి, చెదిరిన దిశ మరల కుదురుకొనవలెను. అణువులన్నీ మొదటి నుండి ఒంటరివే అయితే ఏ మార్పూ ఉండదు. వారి కొలతలలో దిశ కుదురుకొన్నది. సెరొటోనిన్ రాకముందే ఈ గ్రాహకములు కణపు పొరలో రెండుగానే కాక, అంతకు మించిన గుంపులుగా కూడ ఉన్నవని 2011లో వారు ప్రకటించారు.

ఈ గుంపుల ప్రయోజనమేమిటన్నది సులభముగా తేలే విషయము కాదు. ఈ కుటుంబములోనిదే అయిన ఎడ్రినలిన్ గ్రాహకము ఒకటి ఒంటరిగా కూడ కబురందించగలదని 2007లో నిరూపించారు. మరొక ప్రక్క, గాబా అనే పదార్థపు బి-గ్రాహకము తనకంటె భిన్నమైన జోడు లేనిదే పనిచేయదని 1998లో తెలిసినది. కనుక కొన్నింటికి జంట ప్రాణము. కొన్నింటికి అది కబురు ఎంత బలముగా, ఎంతసేపు, ఏ వైపు పోవలెనో దిద్దితీర్చే సాధనము. ఏ గ్రాహకమునకు ఏది వర్తించునో దానిని దానిగానే పరీక్షించి తేల్చుకొనవలెను.

అణువును విడదీసి, శుద్ధిచేసి, దాని బరువు, ఆకారము తెలుసుకొంటే దాని పని తెలిసినట్లేనని ఒకప్పుడు భావించేవారు. ఈ చరిత్ర దానికి ఒక సవరణ చేర్చినది. ఏబుల్ ప్రోటీను మంచివారి కణములలోను ఉన్నది, రోగి కణములలోను ఉన్నది. రెండు చోట్లను దాని యంత్రము ఒక్కటే, అది వాడే ఏటీపీ ఒక్కటే. దానిని అదుపులో ఉంచే గడియ ఊడి, విడిపోని బంధము ఏర్పడుటయే వైద్యశాలలో రోగి ఎదుర్కొనే భేదము. కాలువ గట్టున నిలిచిన ఇద్దరికి ఈ సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. వారు మడి ఎండినప్పుడు తాళ్లు పట్టుకొనేవారు. మడి నిండగానే వదలివేసేవారు.